ట్రెయిలర్ లాగుతున్నప్పుడు బోర్డు మీదున్న వేగంతో వెళ్లవచ్చా?

మీరు అడిగింది ఇది: కారు వెనక అద్దె ట్రెయిలర్ తగిలించుకుని సామానుతో ఇల్లు మారుతున్నారు. రహదారి పక్కన బోర్డు మీద 110 అని ఉంటే మీకూ అదే వర్తిస్తుందా, ఇంకా ఏ నిబంధనలు చూసుకోవాలి అని. చాలా ఏళ్లుగా ట్రెయిలర్ లాగుతున్నాను కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు సూటిగా జవాబు. ఆ అంకె మీది అనుకోకండి. చాలా దేశాల్లో అది వెనక ఏమీ తగిలించని కారుకు పెట్టిన పరిమితి. ట్రెయిలర్ ఉన్న బండికి వేరే పరిమితి చట్టంలో రాసి ఉంటుంది. దాన్ని దారి పొడవునా బోర్డులు పెట్టి గుర్తు చేయరు, కానీ అతిక్రమిస్తే జరిమానా మాత్రం వేస్తారు.

బ్రిటన్‌లో మోటర్‌వే అనే పెద్ద రహదారి మీద కారుకు గంటకు 70 మైళ్లు, అదే కారు ట్రెయిలర్ లాగుతుంటే 60. మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద 60కి బదులు 50. జర్మనీలో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడి పెద్ద రహదారి ఆటోబాన్‌లో చాలా చోట్ల కార్లకు పరిమితే లేదు, ట్రెయిలర్ ఉన్న కారుకు మాత్రం 80 కిలోమీటర్లు. 100తో వెళ్లాలంటే బండీ ట్రెయిలరూ కొన్ని షరతులకు సరిపోవాలి, ట్రెయిలర్ టైర్ల వయసు ఆరేళ్ల లోపు ఉండాలి, ట్రెయిలర్ వెనక 100 అనే స్టిక్కర్ ఉండాలి. న్యూజిలాండ్‌లో బోర్డు మీద 100 ఉన్నా మీకు 90. అమెరికాలో ఏ రాష్ట్రం నిబంధన ఆ రాష్ట్రానిది. కాలిఫోర్నియాలో 55 మైళ్లు, వాషింగ్టన్ రాష్ట్రంలో 60, చాలా రాష్ట్రాల్లో ట్రెయిలర్లకు ప్రత్యేక పరిమితే లేదు. అంటే సరిహద్దు దాటగానే మీ పరిమితి మారిపోవచ్చు. బయలుదేరే ముందే దారిలో తగిలే ప్రతి ప్రాంతం రవాణా శాఖ సైటు తెరిచి, ట్రెయిలర్ల గురించి ఏం రాశారో చూసి కాగితం మీద రాసుకోండి.

రోడ్డు మీద వరుసల (లేన్ల) విషయమూ చూడండి. బ్రిటన్‌లో మూడు లేదా అంతకంటే ఎక్కువ వరుసలున్న మోటర్‌వేలో ట్రెయిలర్ ఉన్నవారు కుడి చివరి వరుసలోకి వెళ్లకూడదు. మీది అద్దె ట్రెయిలర్ కాబట్టి ఒప్పందం కాగితం కూడా చదవండి. అందులో గరిష్ఠ వేగం చట్టం కంటే తక్కువగా రాసి ఉంటే దాన్నే పాటించండి. ప్రమాదం జరిగితే మొదట బయటికి తీసేది ఆ కాగితమే.

ఈ పరిమితులను చాలామంది చాదస్తంగా చూస్తారు. నేను చూడను, కారణం చెబుతాను. ఒకసారి దిగుడు రోడ్డులో వెళ్తుండగా పెద్ద లారీ ఒకటి నన్ను దాటింది. దాని గాలి తోపుకి పక్క అద్దంలో ట్రెయిలర్ ఎడమ మూల బయటికి వచ్చింది, మరుక్షణం కుడి అద్దంలో కుడి మూల. కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని అటూ ఇటూ ఈడుస్తున్నట్టు అనిపించింది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి స్టీరింగును నేరుగా బిగించి పట్టుకున్నాను. బ్రేకు తొక్కలేదు. వేగం పడిపోతున్న కొద్దీ ఊపు చిన్నదై ఆగింది. ఈ ఊపుకు ఎదురుగా స్టీరింగు తిప్పితే అది పెరుగుతుంది. వేగం పెంచి బయటపడాలని చూసినా అంతే. ట్రెయిలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు ఉండి, వాటి మీట డ్రైవరు దగ్గరుంటే ఆ మీట ఒక్కటే మెల్లగా నొక్కవచ్చు, వెనక బండి బిగుసుకుని సరళరేఖలోకి వస్తుంది.

ప్రతి ట్రెయిలర్‌కూ ఒక వేగం దాటాక ఈ ఊపు తనంతట తాను తగ్గని స్థితి వస్తుంది. ఆ వేగం ఎంత అన్నది బరువు ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి మారుతుంది. ఆగడానికి పట్టే దూరం సంగతి కూడా చూడండి. కదిలే బండిలోని శక్తి వేగం వర్గంతో (వేగాన్ని దాంతోనే గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుంది కాబట్టి 90 నుంచి 110కి వెళ్తే బ్రేకులు అణచాల్సిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అదీ వెనక సామాను తోస్తుండగా.

అందుకని సామాను సర్దడం దగ్గర తొందరపడకండి. ఎడ్లబండిలో బరువు వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. ట్రెయిలర్ వెనక బరువెక్కితే ముందు కొన తేలి, కారు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది, ఊపు మొదలవుతుంది. బరువులో సుమారు అరవై శాతం ఇరుసుకు ముందువైపు ఉండాలి. హిచ్ మీద, అంటే కారుకు ట్రెయిలర్ తగిలించే చోట, పడే బరువు ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో చెబుతారు. ఐరోపాలో తక్కువ వేగాలకు తగ్గట్టు 5 నుంచి 7 శాతం చాలంటారు. కారు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పరిమితిని మాత్రం ఏ లెక్కకోసమూ దాటకూడదు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పుస్తకాల పెట్టెలు ఇరుసు దగ్గర, కాస్త ముందుకు, నేల మీద. పరుపులు, కుర్చీలు వెనక. చాలామంది బరువైనవి చివర్లో ఎక్కిస్తారు, తలుపు దగ్గరే వదిలేస్తారు. అవి ముందే ఎక్కాలి. అన్నీ ఎక్కించాక దారిలో వేబ్రిడ్జి ఉంటే కాటా వేయించండి. అంచనా కంటే అసలు బరువు ఎక్కువ ఉండటమే నేను ఎక్కువగా చూశాను.

లైసెన్సు నిబంధనలు కూడా బరువు మీదే ఆధారపడతాయి. ఐరోపా సమాఖ్యలో మామూలు బి తరగతి లైసెన్సుతో గరిష్ఠ బరువు 750 కిలోల లోపు ట్రెయిలర్ లాగవచ్చు. అంతకంటే పెద్దదైతే కారు, ట్రెయిలర్ అనుమతించిన బరువులు కలిపి 3,500 కిలోలు దాటకూడదు, దాటితే అదనపు శిక్షణో పరీక్షో కావాలి. బ్రిటన్‌లో 2021 డిసెంబరు 16 నుంచి కారు లైసెన్సు ఉన్నవారు 3,500 కిలోల ట్రెయిలర్ వరకు లాగవచ్చు. పరీక్ష తీసేశారు గానీ మీ కారు సామర్థ్యం పెరగలేదు, అది మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే. 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కు అక్కడ సొంత బ్రేకులు తప్పనిసరి.

భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం మోటారు వాహనం నిర్వచనంలోనే ట్రెయిలర్‌ను చేర్చింది. లాగే బండి నంబరు ట్రెయిలర్ మీద కనబడాలని 61వ సెక్షన్ చెబుతుంది. లైట్లు, వెనక నంబరు, రెండు పక్కలా ట్రెయిలర్ చివరి వరకు కనిపించే అద్దాలు చాలా దేశాల్లో చూస్తారు. కదులుతున్న ట్రెయిలర్‌లో మనుషులను, ముఖ్యంగా పిల్లలను కూర్చోబెట్టవద్దు. చాలా చోట్ల నేరం, నేరం కాకపోయినా వద్దు.

బయలుదేరే ముందు నేను చేసే పని ఒకటుంది, మీరూ చేయండి. హిచ్ బంతి సైజు, దాని మీద కూర్చునే గిన్నె సైజు ఒకటేనా అని బంతి మీద ముద్రించిన అంకె చదవండి. బంతి కొంచెం చిన్నదైనా గిన్నె కూర్చుంటుంది, గుంత తగిలిన చోట ఊడుతుంది. గొళ్లెం వేసి, పిన్ను పెట్టి, ట్రెయిలర్ ముందు జాకీని కాస్త పైకి తిప్పండి. కారు వెనక భాగం కూడా పైకి లేస్తే బిగిసినట్టే. సేఫ్టీ గొలుసులు రెండింటినీ ట్రెయిలర్ ముందు కొన కింద ఒకదానికొకటి అడ్డంగా దాటించి తగిలించండి. ఒకవేళ హిచ్ ఊడినా కొన రోడ్డును గీరకుండా ఆ గొలుసుల మీద పడుతుంది. బ్రేకులున్న ట్రెయిలర్‌కు ఒక సన్నని తీగ ఉంటుంది, బండి విడిపోతే బ్రేకు పట్టించేది అదే. దాన్ని మెలిపడకుండా, నేలను తాకకుండా కారుకు కట్టండి.

టైరు గోడ మీద రెండు వివరాలు చదవండి. DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. బరువు అంకె పక్కనున్న అక్షరం వేగం. జె అయితే గంటకు 100 కిలోమీటర్లు, ఎల్ అయితే 120, ఎమ్ అయితే 130. ఎక్కువ రోజులు నిలిపి ఉంచిన అద్దె ట్రెయిలర్లలో టైర్లలో గాలి తక్కువగా ఉండటం మామూలే, చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి. మొదటి అరగంట తర్వాత ఆగి హిచ్, గొలుసులు, తాళ్లు మరోసారి చూసుకుని, చక్రం మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టండి. ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేసినట్టు. అక్కడినుంచి ముందుకు పోకుండా అద్దెకిచ్చిన వారికి ఫోను చేయండి.