లోయర్ ఈస్ట్ సైడ్: ఇంటి వయసు ఎక్కడ చూడాలి?

ప్రశ్న: త్వరలో న్యూయార్క్ వెళ్తున్నాం. వలస వచ్చినవాళ్లు బతికిన లోయర్ ఈస్ట్ సైడ్ పాత ఇళ్లు చూడాలని ఉంది. ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి: ఇటుక గోడలు, ముందు ఇనప మెట్లు. ఏది ఎప్పటిదో వీధిలో నిలబడి పోల్చుకోగలమా?

జవాబు: చాలావరకు పోల్చుకోవచ్చు. ముందు వెడల్పు చూడండి. అక్కడ ప్లాటు మామూలుగా 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. టెనమెంట్లనే ఆ అద్దె ఇళ్ల తీరంతా ఈ కొలతలోంచే వచ్చింది.

1879కి ముందు కట్టినవాటిలో వెనక కాస్త పెరడు వదిలి మిగతాదంతా గదులే. ఆర్చర్డ్ స్ట్రీట్‌లో 97వ నంబరు ఇల్లు 1863 నాటిది, ఇప్పుడది టెనమెంట్ మ్యూజియం. వాటా ఒక్కోటి సుమారు 325 చదరపు అడుగులు, మూడే గదులు. వీధి వైపో పెరటి వైపో ఉన్న గదికి తప్ప వంటగదికీ పడకగదికీ బయటి వెలుతురు లేదు. మరుగుదొడ్లు పెరట్లో ఉండేవి.

పడకగదులకూ బయటి గాలి తగిలే కిటికీ ఉండాలని 1879లో చట్టం వచ్చింది. ప్లాటులో అంగుళం వదులుకోవడానికి యజమానులు ఇష్టపడలేదు. భవనానికి రెండు పక్కలా నడుము దగ్గర మాత్రం కాస్త నొక్కి కట్టారు. పైనుంచి చూస్తే డంబెల్ ఆకారం. ఆ నొక్కు వెడల్పు సుమారు 28 అంగుళాలు. పక్కింటి నొక్కు కలిసినా అయిదడుగులు నిండదు. అయిదారు అంతస్తుల లోతున్న ఆ గాలిసందులో కింది వాటాలకు వెలుతురు దాదాపు అందేది కాదు. పైనుంచి విసిరిన చెత్త అడుగున కుళ్లేది. నిప్పంటుకుంటే సందే పొగగొట్టమై మంటను అన్ని అంతస్తులకూ ఎక్కించేది. ముందువైపు ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి ఈ సందు వీధిలోంచి కనపడదు. బయల్దేరేముందు ఉపగ్రహ చిత్రంలో చూసి, నంబర్లు రాసుకుని వెళ్లండి.

1901 చట్టం సందు చాలదు, సరైన ఖాళీ జాగా వదలాలంది. 25 అడుగుల ప్లాటులో అలా కడితే గిట్టదు. అందుకే బిల్డర్లు ప్లాట్లు కలిపారు. 40, 50 అడుగుల వెడల్పున్న ఆరంతస్తుల టెనమెంటు కనిపిస్తే అది 1901 తర్వాతిదనుకోవచ్చు. పాత ఇళ్లనూ ఈ చట్టం వదల్లేదు. లోపల ఒక గదికీ ఇంకో గదికీ మధ్య గోడలో కిటికీ ఉందంటే, చీకటి గదికి వెలుతురు పంపడానికి పెట్టించినదే అయి ఉంటుంది.

జనం మోసపోయే చోటు ఒకటుంది. దుకాణాల ముందు పోత ఇనప స్తంభాల అడుగున తయారు చేసిన ఫౌండ్రీ (ఇనుము పోత పోసే కార్ఖానా) పేరు అచ్చు పోసి ఉండొచ్చు. దాన్నిబట్టి తెలిసేది స్తంభం వయసే. దుకాణం ముఖం ఎన్నిసార్లయినా మారి ఉండొచ్చు.

ప్రశ్న: మేం వెతికిన ఇంటికి నగర రికార్డులో ‘నిర్మాణం 1900’ అని ఉంది. నమ్మొచ్చా?

జవాబు: ఒక్కదాన్నే నమ్మకండి. పాత ఇళ్లకు 1900, 1910 వంటి గుండ్రటి సంఖ్యలు చాలాసార్లు అంచనాలే. ముందు ఆ ఇంటి బ్లాకు (వీధుల మధ్య ముక్క), లాటు (అందులోని ప్లాటు) నంబర్లు పట్టుకోండి. వీధి పేర్లు మారతాయి (విలెట్ స్ట్రీట్‌లో ఒక భాగం ఇప్పుడు బియలిస్టోకర్ ప్లేస్), ఇంటి నంబర్లూ మారతాయి. బ్లాకు, లాటు వాటికన్నా నిలకడైనవి. ప్లాట్లు కలిపితే మాత్రం లాటు నంబరూ మారుతుంది. వాటితో మున్సిపల్ ఆర్కైవ్స్‌లో 1939-41 మధ్య పన్ను లెక్కల కోసం తీసిన ఫోటో చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితం. ఫోటోలో బ్లాకు, లాటు రాసిన పలక ఉంటుంది. ముందు అది సరిచూసుకోండి. తర్వాత భీమా కంపెనీల కోసం గీసిన పాత పటాలు వరసగా పరచి, ఇల్లు ఏ పటంలో మొదటిసారి కనపడిందో చూస్తే కట్టిన కాలం కొన్నేళ్ల తేడాలోకి వస్తుంది.

ఎవరు ఉన్నారో కావాలంటే జనాభా లెక్కలు. 1890 ఫెడరల్ లెక్కలు 1921 అగ్నిప్రమాదంతో దాదాపు పోయాయి. లోయర్ ఈస్ట్ సైడ్ ఉన్న మన్‌హాటన్‌కు 1890లోనే పోలీసులు తీసిన లెక్కలు చాలావరకు మిగిలాయి. 1905, 1915, 1925 రాష్ట్ర లెక్కలూ ఉన్నాయి. ఇంటిపేరుతో కాక చిరునామాతో వెతకండి. యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష), ఇటాలియన్ పేర్లను లెక్క రాసినవాళ్లు చెవికి తోచినట్టు రాశారు.

ప్రశ్న: సమయం ఒక్క పూటే. లోపలికి వెళ్లి చూడదగ్గది ఒకటి చెప్పండి.

జవాబు: ఎల్డ్రిడ్జ్ స్ట్రీట్ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. తూర్పు యూరప్ యూదులు 1887లో కట్టుకున్నారు. వాస్తుశిల్పులు హెర్టర్ సోదరులు. ఆ పేటలో టెనమెంట్లకూ నమూనాలు గీసినవాళ్లే. 1950లలో పై మందిరం మూసేసి కింది అంతస్తులోనే ప్రార్థనలు చేసుకున్నారు. మరమ్మతులు 2007లో పూర్తయ్యాయి. తూర్పు గోడలోని పెద్ద గుండ్రటి కిటికీ 2010 నాటి కొత్త పని, పాతదని పొరబడకండి. బెంచీల మధ్య చెక్క నేలను వంగి చూడండి: ఏళ్ల తరబడి ముందుకూ వెనక్కూ ఊగుతూ ప్రార్థించినవాళ్ల పాదాల కింద పలకలు గుంటలు పడ్డాయి. చేత్తో తడిమితే తెలుస్తుంది.