సిల్వర్ ఇన్నోవాకి పెయింట్ కోడ్ ఎక్కడ చూడాలి

గాజువాకలో షాపువాడికి "సిల్వర్" అని చెప్పి తెచ్చుకున్న పెయింట్ డోరు మీద వేరే బండి ముక్కలా కనిపిస్తోంది అన్నారు కదా, అన్నా. తప్పు షాపువాడిది మాత్రమే కాదు. సిల్వర్ అనేది ఒక రంగు కాదు, ఒక్కో కంపెనీకే నాలుగైదు ఉంటాయి. ఆర్‌సీలో కూడా పేరే ఉంటుంది, దాంతో పని జరగదు. కంపెనీ ఆ షేడుకి ఇచ్చిన పెయింట్ కోడ్ కావాలి.

డ్రైవర్ డోరు తెరిచి, డోరు మూస్తే ఆనుకునే నిలువు భాగం (పిల్లర్) మీద కోడ్ ఉన్న ప్లేటు కోసం చూడండి. అక్కడ లేకపోతే బానెట్ ఎత్తి వెతకండి. టయోటాలో "సీ/టీఆర్" (C/TR) అన్న చోట గీతకి ముందున్నదే రంగు కోడ్, తర్వాతది లోపలి సీట్ల ట్రిమ్‌ది. ఉదాహరణకి, 040 అంటే వాళ్ల సూపర్ వైట్. ప్లేటు మీద ఉప్పు, మట్టి పేరుకుని ఉంటే తడిగుడ్డతో తుడవండి, గీకొద్దు. అసలు చదవలేకపోతే ఛాసిస్ నంబర్ పట్టుకుని డీలర్ స్పేర్స్ కౌంటర్‌కి వెళ్లండి. నంబర్లోనే రంగు ఉండదు గానీ, వాళ్ల సిస్టమ్‌లో దాన్ని బట్టి దొరుకుతుంది.

ఒక మాట, కోడ్ దొరికినా పూర్తిగా కలుస్తుందని అనుకోవద్దు. మన ఎండకీ సముద్రపు గాలికీ పాత పెయింట్ షేడు మారిపోతుంది. మద్దిలపాలెంలో నా తెల్ల కారుకి కోడ్ చూసే బంపర్ వేయించాను, పాలూ పెరుగూ పక్కపక్కన పెట్టినట్టుంది! అందుకే డీజిల్ ట్యాంక్‌కి బయట ఉండే, బండి రంగేసిన మూత విప్పి మిక్సింగ్ షాపుకి తీసుకెళ్లండి. రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక బయట ఎండలో పోల్చి చూడండి. ట్యూబ్‌లైటు కింద సిల్వర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి.