నాన్న యూరియా ఎందుకు మానడు?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. సొంతం ఒక ఎకరం, కౌలుకి నాలుగు. సార్వా వరి, తర్వాత మొక్కజొన్న. రెండేళ్లుగా ప్రకృతి వ్యవసాయం చేద్దామని నాన్నకి చెప్తున్నా, వీడియోలు పంపుతున్నా. చూసి "బాగుందిరా" అంటారు, తెల్లారి యూరియా కట్ట ఎత్తుకుపోతారు. ఎలా మార్చాలి?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ నాన్నకి తెలియక కాదండీ, లెక్క తెలిసే మానట్లేదు. 45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు, అదీ ఆ ధరకి దొరికితే. గంటలో చల్లేసి ఇంటికొస్తారు. అదే ప్రకృతి వ్యవసాయంలో యూరియా బదులు పోసే ద్రవ జీవామృతమైతే 200 లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి రెండు రోజులు పొద్దునా సాయంత్రం కలపాలి, అంతా చేస్తే ఒక్క ఎకరానికి. ఇంతకీ మీ ఇంట్లో గొడ్డుందా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు.

అసలు చిక్కు కౌలు. పండినా పండకపోయినా ఒప్పుకున్న బస్తాలు కొలవాలి. నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ పొలం వచ్చే ఏడు ఎవరి చేతిలో ఉంటుందో ఆయనకే తెలియదు. పరాయి నేలకి అంత చాకిరీ ఎవరు చేస్తారు? పైగా ఎరువుల కొట్లో అరువు ఉంటే, కొట్టాయన ఇచ్చిందే చల్లాలి.

అయినా మారినవాళ్లున్నారు. పాత ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో మునిగి, ముందు కొద్దిమంది మందు కొట్టడం మానేస్తే, వాళ్ల చేలు చూసి మిగతావాళ్లూ మానారు, 2004 నాటికి ఊరే మందుల్లేని ఊరైంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టిన ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ కూడా తోటి రైతుల చేతే చెప్పిస్తోంది. పక్క చేను ముందు మీ వీడియోలు ఏపాటి?

కాబట్టి కౌలు పొలం జోలికి పోకండి. సొంత ఎకరంలో అరెకరం అడగండి, దిగుబడి తగ్గితే ఆ బస్తాల డబ్బు మీ జీతంలోంచి ఇస్తానని ముందే చెప్పండి. డ్రమ్ము కలిపే పని చివరికి అమ్మ మీదే పడుతుంది, ఆవిడనీ అడగండి. ఇంకోటి, ఆ అరెకరం రోడ్డు పక్కన వద్దు. చేను తేడా కొడితే పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ నవ్వుతారని ఆయన టెన్షన్, అది మీతో పైకి చెప్పరు.