రెవిట్ యాడ్-ఇన్ అన్ని వెర్షన్లలో నడవాలంటే? ముందు ఫైలు సంగతి చూసుకోండి

రెవిట్ అంటే భవనాల మోడళ్లు గీసే సాఫ్ట్‌వేర్, యాడ్-ఇన్ అంటే దానికి మనం రాసి తగిలించే చిన్న ప్రోగ్రాం. రెవిట్ 2022 నుంచి 2025 దాకా ఒకే డీఎల్ఎల్‌తో (యాడ్-ఇన్ ప్రోగ్రాం ఫైలు) నడిపించొచ్చా అని ఒకరు అడిగారు. కుదరదండి. యాడ్-ఇన్లు నడిచే మైక్రోసాఫ్ట్ ప్లాట్‌ఫామే మారిపోయింది: 2024 వరకు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, 2025కి డాట్‌నెట్ 8. కోడ్ ఒక్కటే ఉంచుకుని వెర్షన్‌కో బిల్డ్ తీయండి, ఏ బిల్డ్‌ని ఆ సంవత్సరం పేరున్న యాడ్-ఇన్స్ ఫోల్డర్లో పెట్టండి. ఇది ఎవరైనా చెబుతారు. నా కొంప ముంచింది మాత్రం కోడ్ కాదు, ఫైలు.

2023లో మా విజయనగరంలో ఒక ఆర్కిటెక్ట్ గారి ఆఫీసుకి తలుపుల నంబర్లు వేసే యాడ్-ఇన్ రాశాను. కల్యాణ మండపం ప్రాజెక్టు, మొత్తం 11 ఫైళ్లు. "మీ దగ్గర ఏ వెర్షన్ సార్?" అని ఫోన్లో అడిగితే "లేటెస్టే బాబూ" అన్నారు. నా ల్యాప్‌టాప్‌లో 2024 ఉంది. వెళ్లి వాళ్ల షేర్డ్ ఫోల్డర్ మీదే నడిపించేశాను. నంబర్లు తిరగబడి వస్తే సరిచేసి మళ్లీ, మళ్లీ... అలా ఐదుసార్లు. ప్రతిసారీ నా కోడే తెరిచి, సేవ్ చేసి, మూసేది.

మర్నాడు తొలేళ్లు, అంటే పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ముందురోజు. పొద్దున్నే ఫోను: "ఏటి బాబూ, ఒక్క ఫైలూ తెరుసుకోదేటి?" ఆయన లేటెస్ట్ 2022 అట!

పాత ఫైలుని కొత్త రెవిట్ తెరిస్తే అప్‌గ్రేడ్ అయిపోతుంది. సేవ్ కొట్టాక వెనక్కి దారి లేదు. ఆయనేమో "సేవ్ యాజ్‌లో పాత వెర్షన్ పెట్టి ఇచ్చెయ్" అంటారు. ఆటోకాడ్ అలవాటు అది. అక్కడ కుదురుతుంది, రెవిట్‌లో ఆ ఆప్షనే లేదు. పోనీ బ్యాకప్‌లున్నాయి కదా అని చూస్తే, మామూలుగా మూడే ఉంచుతుంది. నేను ఐదుసార్లు సేవ్ చేశాను. 2022 నాటివి ఎప్పుడో కొట్టుకుపోయాయి.

కోట దగ్గరుండే స్ట్రక్చరల్ ఇంజనీర్ రెండ్రోజుల కిందట కాపీ తీసుకున్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. సిరిమాను జనం అప్పటికే దిగిపోయారు, బండి కదిలే వీల్లేదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని కోట నుంచి మూడు లాంతర్ల దాకా నడిచాను. తీరా ఆఫీసు సిస్టమ్‌లో యాడ్-ఇన్ పెడితే అదీ నడవలేదు. 2024లో ఎలిమెంట్ ఐడీ (ప్రతి తలుపుకీ గోడకీ రెవిట్ ఇచ్చుకునే నంబరు) 64 బిట్లయింది, దాన్ని చదవడానికి నేను కొత్త 'వాల్యూ' వాడాను. 2022కి అదేమిటో తెలియదు, దానికి పాత 'ఇంటీజర్‌వాల్యూ' కావాలి. ఆ రెండు లైన్లకీ కండిషనల్ కంపైలేషన్ (ఏ వెర్షన్ బిల్డ్‌కి ఆ లైనే వెళ్లే ఏర్పాటు) పెట్టి బిల్డ్ తీసేసరికి మధ్యాహ్నం దాటింది. రెండ్రోజుల్లో వాళ్లు మార్చిన వంటశాల గోడలు మళ్లీ గీసిపెట్టడం నా ఖాతాలోనే. డబ్బులడిగే మొహం ఎక్కడిది?

అప్పట్నుంచి నా కోడ్ ఏ ఫైలునీ నేరుగా తెరవదు. ముందు రెవిట్ ఇచ్చే బేసిక్‌ఫైల్‌ఇన్ఫో.ఎక్స్‌ట్రాక్ట్ అనే కమాండుతో, ఫైలు తెరవకుండానే, అది ఏ వెర్షన్‌దో చదువుతుంది. నడుస్తున్న రెవిట్ వెర్షన్‌నంబర్‌తో సరిపోకపోతే ఆ ఫైలు జోలికి పోకుండా పేరు రాసిపెట్టి ముందుకెళ్తుంది. "అప్‌గ్రేడ్ చేయమంటారా?" అని అడిగే డబ్బా కూడా పెట్టలేదు. పెడితే చదవకుండా ఎస్ కొడతారు. నేనూ అంతే. పైగా ఇప్పుడు అసలు ఫోల్డర్ మీద నడపను, కాపీ మీదే.

ఇంక వెర్షన్ ఎంత అని నోటితో అడగడం మానేశాను. రెవిట్‌లో అబౌట్ తెరిచి ఫొటో తీసి వాట్సాప్ చేయమంటాను. వచ్చే ఫొటోల్లో సగం విండోస్ వెర్షన్‌వి.