‘గా’ కనిపించగానే ‘లీ’ తగిలించకండి

ప్రశ్న: ‘ఆమె స్నేహంగా మాట్లాడింది’ అని ఇంగ్లీషులో రాయాల్సి వచ్చి ‘షీ స్పోక్ ఫ్రెండ్లీ’ అన్నాను. తప్పన్నారు. పోనీ అని ఇంకో ‘లీ’ కలిపి ‘ఫ్రెండ్లిలీ’ అంటే నవ్వారు. మరి ఏమనాలి?

జవాబు: నవ్విన వాళ్ల సంగతి వదిలేయండి, మీ లెక్కలో తప్పేం లేదు. స్లో నుంచి స్లోలీ, పొలైట్ నుంచి పొలైట్లీ వచ్చినప్పుడు ఫ్రెండ్లీ నుంచి ఫ్రెండ్లిలీ ఎందుకు రాకూడదు? నిజానికి పెద్ద డిక్షనరీల్లో ఆ మాట ఉంది కూడా, కాకపోతే పలకబోతే నాలుక మడతపడుతుంది కాబట్టి ఇంగ్లీషు వాళ్లే దాని జోలికి పోరు. ‘షీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అంటారు. విశేషణాన్ని కదపకుండా, ముందు ఒక ప్రిపోజిషన్, వెనక ఒక నామవాచకం పెట్టి, ఆ మొత్తం ముక్కచేత క్రియా విశేషణం పని చేయిస్తారు.

అసలు తికమక అంతా ‘లీ’తోనే. పాత ఇంగ్లీషులో విశేషణం చేయడానికి ‘లిచ్’, క్రియా విశేషణం చేయడానికి ‘లీచె’ అని రెండు ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో చివరి శబ్దాలు అరిగిపోయి రెండూ ఒకే ‘లీ’ అయి కూర్చున్నాయి. అందుకే స్లోలీలోని ‘లీ’ ఒకటి, ఫ్రెండ్లీలోని ‘లీ’ ఇంకొకటి. ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, కవర్డ్లీ, మదర్లీ, చివరికి సిల్లీ కూడా, చూడ్డానికి క్రియా విశేషణాల్లా ఉన్నా విశేషణాలే. కాబట్టి ‘పిరికిగా ప్రవర్తించాడు’ అంటే ‘హీ బిహేవ్డ్ ఇన్ ఎ కవర్డ్లీ వే’. డైలీ, వీక్లీ, ఎర్లీ మాత్రం రెండు పనులూ చేస్తాయి, వాటికి ఏ తోకా అక్కర్లేదు.

మనకి ‘గా’ ఉంది కదా, స్నేహంగా, పిరికిగా, నెమ్మదిగా, కష్టంగా అని దేనికి పడితే దానికి అతుక్కుంటుంది, ఆ అలవాటుతోనే ఇంగ్లీషులోనూ అలాంటి ఒకే ఒక్క ప్రత్యయం ఉంటుందనుకుని ‘లీ’ని పట్టుకుంటాం. డిఫికల్ట్ తీసుకోండి. ‘డిఫికల్ట్లీ’ అని ఎవరూ అనరు, ‘విత్ డిఫికల్టీ’ అంటారు, ఇంకా గట్టిగా చెప్పాలంటే ‘విత్ గ్రేట్ డిఫికల్టీ’. ఫాస్ట్‌కి ‘ఫాస్ట్లీ’ లేదు, ఫాస్ట్ అంటే చాలు, లేదా ‘ఎట్ హై స్పీడ్’. హార్డ్‌తో మరీ జాగ్రత్త: ‘కష్టపడి పని చేస్తాను’ అనుకుంటూ ఇంటర్వ్యూలో ‘ఐ హార్డ్లీ వర్క్’ అన్నారంటే, పని దాదాపు చేయనని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు!

ప్రశ్న: ఇన్, విత్, ఎట్... వీటిలో ఏది ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఒక్కోసారి ‘ఎ’ ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. టెన్షన్ వస్తోంది.

జవాబు: మధ్యలో ఉన్న విశేషణాన్ని చూస్తే ఎప్పటికీ తెలియదండీ. చివర ఉన్న నామవాచకాన్ని చూడండి, ప్రిపోజిషన్‌ని నిర్ణయించేది అదే. వే, మ్యానర్, వాయిస్, టోన్ వస్తే ‘ఇన్’: ఇన్ ఎ లో వాయిస్, ఇన్ యాన్ యాంగ్రీ టోన్. కేర్, ప్లెజర్, డిఫికల్టీ లాంటి భావాలొస్తే ‘విత్’: విత్ గ్రేట్ కేర్. స్పీడ్, రేట్ లాంటి కొలతలకి ‘ఎట్’. విశేషణం ఏది మార్చినా ప్రిపోజిషన్ కదలదు, లో వాయిస్ అయినా లౌడ్ వాయిస్ అయినా ‘ఇన్’ ఇన్నే.

‘ఎ’ సంగతీ ఆ నామవాచకం చేతిలోనే ఉంది. వాయిస్‌ని ఒకటి, రెండు అని లెక్కపెట్టొచ్చు కాబట్టి ‘ఎ’ కావాలి. కేర్‌ని అలా లెక్కపెట్టలేం కాబట్టి అక్కర్లేదు. స్మైల్‌ని లెక్కపెట్టొచ్చు, అందుకే ‘విత్ ఎ బిగ్ స్మైల్’. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే, ‘ఇన్ లో వాయిస్’ అని ‘ఎ’ మింగేస్తారు. ఇక ఈ ముక్క ఎక్కడ పెట్టాలంటే, మామూలుగా క్రియ, కర్మ అయ్యాక చివర్లో. ‘షీ ఓపెన్డ్ ద బాక్స్ విత్ గ్రేట్ కేర్’ అనాలి, ఓపెన్డ్‌కీ బాక్స్‌కీ మధ్యలో దూర్చకూడదు.

ప్రశ్న: పొలైట్లీ అన్నా ‘ఇన్ ఎ పొలైట్ వే’ అన్నా ఒకటేనా?

జవాబు: అక్కడ ఒకటే, అయితే ఒక్క మాటతో పోయేదానికి నాలుగు మాటలు ఎందుకు? పొలైట్లీ రాసేయండి. ‘ఇన్ ఎ పొలైట్ మ్యానర్’ అంటే ఆఫీసు నోటీసులా ఉంటుంది, నాకైతే అస్సలు నచ్చదు.

కానీ ఫూలిష్లీ లాంటి వాటితో అర్థమే మారిపోవచ్చు. ‘హీ ఫూలిష్లీ ఆన్సర్డ్ ద క్వశ్చన్’ అంటే జవాబు చెప్పడమే తెలివితక్కువ పని, నోరు మూసుకుని ఉండాల్సింది అని. ‘హీ ఆన్సర్డ్ ద క్వశ్చన్ ఇన్ ఎ ఫూలిష్ వే’ అంటే చెప్పడం సరే, చెప్పిన తీరే బాగోలేదని. ఈ రెండో అర్థంలో ఏ అనుమానమూ మిగలకూడదనుకుంటే పొడుగ్గా ఉన్నా ‘వే’నే వాడండి, నేను అదే చేస్తాను.

ప్రశ్న: ‘ఆయన కోపంగా ఉన్నాడు’కి ‘హీ ఈజ్ యాంగ్రిలీ’ ఎందుకు కాదు? తెలుగులో ‘గా’ ఉంది కదా!

జవాబు: ‘గా’ ఉంది, కానీ పని లేదు. ఉండడం, కనిపించడం, అనిపించడం ఒక స్థితిని చెబుతాయి కాబట్టి ఇంగ్లీషు అక్కడ విశేషణమే అడుగుతుంది: హీ ఈజ్ యాంగ్రీ, హీ లుక్స్ యాంగ్రీ. అదే ‘నా వంక కోపంగా చూశాడు’ అంటే చూడడం ఆయన చేసిన పని, కాబట్టి ‘హీ లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’. లుక్ ఒకటే, చేస్తున్న పని వేరు.

ప్రశ్న: ‘వే’ ముందు ‘ఇన్’ తీసేయొచ్చా?

జవాబు: కొన్నిచోట్ల తీసేయొచ్చు. ‘డూ ఇట్ దిస్ వే’, ‘యూ డిడ్ ఇట్ ద రాంగ్ వే’ రెండూ శుభ్రంగా ఉన్నాయి. మ్యానర్‌కి మాత్రం ఆ వెసులుబాటు లేదు, ‘ఇన్ దిస్ మ్యానర్’ అనే అనాలి. ఇంకోటి, విశేషణం లేకుండా ‘ఇన్ ఎ వే’ అని ఆపేస్తే ‘ఒక రకంగా చూస్తే’ అని అర్థం. ‘ఇన్ ద వే’ అంటే అడ్డంగా ఉండడం, ‘ఆన్ ద వే’ అంటే దారిలో ఉండడం. కాబట్టి బయల్దేరాక ‘వస్తున్నా, దారిలో ఉన్నా’ అని మెసేజ్ పెట్టేటప్పుడు ఇన్‌కీ ఆన్‌కీ తేడా ఒకసారి చూసుకోండి.