తాగి కొట్టే భర్తకు జంట కౌన్సెలింగ్ ఇవ్వొచ్చా?

భర్త తాగి చెయ్యి చేసుకుంటున్నాడు, ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలా అని కౌన్సెలర్‌గా మీరు అడిగారు. ఇప్పుడే వద్దండీ. ముందు ఆమెతో విడిగా మాట్లాడండి: గొంతు నులిమాడా, కత్తి చూపాడా, దెబ్బలకు ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చిందా, అతని ఎదుట నోరు విప్పాలంటే భయమా? ఒక్కదానికి అవునన్నా ఉమ్మడి సెషన్లు ఆపేయండి. మీ గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇచ్చి, ఆమె భద్రత సంగతి చూడండి.

అవేవీ లేకపోతే ప్రయత్నించొచ్చు. అమెరికాలో పరిశోధకుడు ఓఫారెల్ బృందం, భార్య లేదా భాగస్వామితో కలిసి జంట చికిత్స తీసుకున్న 303 మంది మద్య వ్యసనపరులైన మగవాళ్లపై చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. చికిత్సకు ముందు ఏడాది 60 శాతం మంది భాగస్వామిపై హింసకు దిగారు, తర్వాతి ఏడాది 24 శాతం. ఆ ఏడాది తాగుడు మానేసినవాళ్లలో 12 శాతం, మళ్లీ మొదలెట్టినవాళ్లలో 30 శాతం. కానీ పోల్చింది తాగుడు సమస్య లేని మగవాళ్లతో, చికిత్స తీసుకోని తాగుబోతులతో కాదు, కాబట్టి తగ్గుదలంతా చికిత్స ఘనతే అనలేం.

ఈ జంట చికిత్సలో రోజూ ఒకే సమయానికి అతను ‘ఈ రోజు తాగను’ అనాలి, ఆమె మెచ్చుకోవాలి. అప్పుడు పాత గొడవలు తవ్వకూడదు. సాధారణంగా ఇక్కడే బెడిసికొడుతుంది.