ఫ్రోజెన్ రొయ్యలు రీకాల్ చేశారంటే, బాగా ఉడికించి తినేయొచ్చా?

అమెరికాలో రొయ్యలు వెనక్కి తీసుకున్నారట, మన ఫ్రీజర్‌లో ఉన్నవి బాగా ఉడికిస్తే చాలదా అని అడిగారు. అన్నిసార్లూ చాలదండీ, అందులో ఏం కలిసిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

2025 ఆగస్టులో అక్కడ వెనక్కి తీసుకున్నది ఇండోనేషియా సరుకు. పోర్టుల్లో కంటైనర్లు తనిఖీ చేస్తుంటే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది. ఒక శాంపిల్‌లో కిలోకు 68 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) వచ్చింది, అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన పరిమితి 1200. ఆ శాంపిల్ తీసిన సరుకును దేశంలోకే రానివ్వలేదు, అయినా అదే కంపెనీ పంపిన మిగతా ప్యాకెట్లను షాపుల నుంచి తీయించారు, ఎందుకంటే ఇలాంటిది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళ్లడమే ప్రమాదం. సీజియం ఎంత ఉడికించినా నశించదు. సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా అయితే బాగా ఉడికిస్తే చస్తుంది, ఫ్రీజర్‌లో పెడితే మాత్రం చావదు.

మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. ప్యాకెట్ కవర్ అలాగే ఉంది కాబట్టి లాట్ నంబరు (అంటే బ్యాచ్ నంబరే) చూసుకుని వాపసు ఇచ్చేసింది. పక్కింటి తెలుగావిడ మాత్రం రొయ్యలు కడిగి పసుపు రాసి డబ్బాల్లో సర్దేసి కవర్ పారేశారు, ఏ లాటో తేలక మొత్తం చెత్తలో వేయాల్సి వచ్చింది. మన ఇళ్లలో అందరం చేసేది అదే కదా! దయచేసి కవర్ పారేసేముందు బ్యాచ్ నంబరు, తేదీ, మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు ఫోటో తీసుకోండి.

మన దగ్గర కూడా 2017 నుంచి ఫుడ్ రీకాల్ నిబంధనలు ఉన్నాయి. కానీ ఆ కబురు మన ఇంటిదాకా వస్తుందని నేను నమ్మను, మనమే చూసుకోవాలి. కూకట్‌పల్లిలో ఒక సూపర్ మార్కెట్‌లో నేను కొన్న ప్యాకెట్‌లో రొయ్యలన్నీ ఒకే మంచుగడ్డలా అతుక్కుపోయి ఉన్నాయి, అంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉంటాయి. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకది. మొదట వాదించారు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెడతానంటే డబ్బులిచ్చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయొచ్చు.

రామ్‌నగర్ మార్కెట్‌లో విడిగా కొంటే బ్యాచ్ నంబరు ఉండదు, తెలిసినవాళ్ల దగ్గర కొని ఆరోజే వండుకోవడం మేలు.

మీ కోడలు కడుపుతో ఉందని రాశారు కదా, లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, గర్భిణులకు చాలా ప్రమాదం. రొయ్యలు కరిగిన నీళ్లు పక్కనున్న కూరగాయల మీద పడకుండా గిన్నెలో పెట్టండి, ప్యాకెట్ మీద అనుమానం ఉంటే ఆ అమ్మాయికి మాత్రం పెట్టకండి.